మా పొరుగువారి భారతం

చిత్తూరు నుండి కాణిపాకం దాటి ఐరాల వైపు బస్సులో వచ్చేవారికి దారికి రెండు ప్రక్కలా మామిడి తోటలు, చెరకు మళ్ళు, బెల్లం వండే గానుగలు కనిపిస్తాయి. కాణిపాకంలో బాహుదా నది ప్రక్కనున్న వినాయకుని గుడి ఊరూరా తెలిసినదే. అయితే ఈ ప్రాంతపు పల్లెల్లో ఎవరినైనా నిలిపి, మీ ఊరి పండుగ ఏది అని అడగండి. గంగమ్మ జాతర అంటారు, లేదా భారతం అంటారు. భారతమంటే ఇక్కడ పుస్తకం కాదు. ద్రౌపదీ ధర్మరాజుల గుడి ముందు ఏటేటా జరిగే ఉత్సవము. చాలా చోట్ల 18 దినములు జరుపుతారు. గుడి ముందున్న మైదానానికి భారతం మిట్ట అని పేరు.

మేము ఐరాల దగ్గరి ఒక పల్లెలో బడి పనిమీద కాపురమున్న రోజులలో మా ప్రక్కింటి పెద్దాయన వచ్చి పిలిచాడు. "అయ్యవారూ, మీరు చందా ఇయ్యరని మాకు తెలుసు. అది అడగను రాలేదు. పిల్లోళ్ళను పిల్చుకోని చూడను రాండి" అన్నాడు. వెళ్ళవచ్చునా కూడదా అని మా ఇంట్లో రెండు పూటలు మాటలు నడిచాయి. విశ్వాసులు అటువైపు తల త్రిప్పకూడదని మా పెద్దలలో కొందరి మాట. పూజలో పాలుపంచుకొనకుండా పొరుగువాని ముఖము చూసి రావడంలో తప్పేమున్నదని మా మాట. వెళ్ళాము.

పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మధ్యాహ్నపు ఎండలో చింతచెట్టు నీడను ముసలివారు, చంటిబిడ్డల తల్లులు కూర్చొని లక్కయింటి కథ, బకాసురుని కథ వింటారు. చదువు రాని అవ్వ కూడా కథకుడు ఒక పేరు తప్పితే సరిదిద్దగలదు. మన సంఘాలలో ఎందరు అవ్వలు యాకోబు పన్నెండుమంది కుమారుల పేర్లు తడుముకోకుండా చెప్పగలరు? రాత్రి భోజనాలైన తరువాత మద్దెల, హార్మోనియం మ్రోగుతాయి. భుజకీర్తులు, పెద్ద కిరీటము ధరించిన వేషగాడు ఇద్దరు పట్టుకొన్న తెర వెనుక నుండి అడుగు వేస్తూ వస్తాడు. ఆట తెల్లవారేవరకు సాగుతుంది. ద్రౌపది వేషం వేసినవాడు పగలు మడిలో నీళ్ళు కట్టే రైతని మా పిల్లలు గుర్తుపట్టి, ఆ రాత్రంతా ఆ ఆశ్చర్యంలోనే ఉన్నారు.

అన్నిటికంటె మా మనస్సులో నిలిచిపోయినది అర్జునుని తపస్సు. ఎత్తయిన తాటిమానును నున్నగా చెక్కి, ఎక్కడానికి మెట్లు కొట్టి, భారతం మిట్టలో నిలువునా పాతుతారు. దాన్ని తపసు మాను అంటారు. కొనకు చిన్న మంచె. అర్జున వేషధారి ఒక్కొక్క మెట్టుకు ఒక పద్యం పాడుతూ పైకి ఎక్కుతాడు. ఎక్కడానికి గంటల సమయం పడుతుంది. ఆ సమయమంతా బిడ్డలు లేని స్త్రీలు తలస్నానం చేసి తడి చీరెలతో మాను చుట్టూ నేలమీద సాగిలపడి ఉంటారు. పైనుండి అర్జునుడు నిమ్మకాయలు, పండ్లు విసరగానే లేచి కొంగు పడతారు. దొరికినవారికి ఆ ఏడు కడుపు పండుతుందని నమ్మకము.

మేము లెక్క పెట్టలేదు గాని, ఆ దినమున చాలామందే ఉన్నారు. వారిలో ఒకామె మా వీధిలో కాపురమున్నదే. పెండ్లయి తొమ్మిదేండ్లు. తడి చీరె ఎండకు ఆరిపోయింది, ముఖమంతా మన్ను. ఆమె తల్లి ప్రక్కన గొడుగు పట్టుకొని నిలబడింది. ఆ గొడుగు నీడ కూతురి తలవరకే చాలింది.

ఆ నమ్మకము మాకు లేదు. నిమ్మకాయలో బిడ్డ లేదని ఈ పత్రిక చదువరులకు మేము చెప్పనక్కరలేదు. కాని షిలోహు మందిరములో హన్నా కూడా ఇలాగే ఏడ్చినది కదా! ఆమె పెదవులు కదలడం చూసి యాజకుడైన ఏలీ ఆమె త్రాగియున్నదనుకొన్నాడు. భారతం మిట్టలో ఆ స్త్రీలను చూసి నవ్వినవారిని మేము చూడలేదు. నాటకం నడుస్తుండగా గోల చేసిన కుర్రవాళ్ళు కూడా ఆ రెండు మూడు గంటలు నోరు మెదపలేదు. ఊరంతా నిలబడి వారి దుఃఖాన్ని దుఃఖమని ఒప్పుకొన్నది. మన సంఘాలలో ఆరాధన ముగిసిన తరువాత చెట్టుక్రింద, "ఇంకా ఏమీ విశేషం లేదా?" అని అడిగే పెనిన్నాలు ఎందరు! ఆ ప్రశ్నకు భయపడి ఆదివారము ఇంటనే ఉండిపోయే చెల్లెళ్ళు మాకు తెలుసు. తపసు మాను క్రింద పడుకొన్న స్త్రీని విమర్శించే ముందు మన చెట్టుక్రింది మాటలను విమర్శించుకొనడం మేలని మేమనుకొంటాము. వైద్య పరీక్షలకు భర్తను కూడా తీసుకొని వెళ్ళాలని ఆ తల్లికి మెల్లగా చెప్పాము. లోపము భర్తవైపున ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నా, తడి చీరె మాత్రం భార్యకే.

దుర్యోధన వధ దినమున జనము తండోపతండాలు. మట్టితో నేలమీద మలచిన దుర్యోధనుడు వెల్లకిల పడుకొని ఉంటాడు, ఒక ఇంటికంటె పొడవు. రంగులు పూసిన మీసాలు, గ్రుడ్లురుముతున్న కన్నులు. భీముడు, దుర్యోధనుడు వేషాలవారు ఆ మట్టి దేహం చుట్టూ తరుముకొంటారు. చివరకు భీముని గద తొడమీద పడుతుంది, దాచిపెట్టిన ఎర్రనీళ్ళు చిమ్ముతాయి, ద్రౌపది జుట్టు ముడి వేసుకొంటుంది. ఆ పూట పలకలు అదరగొట్టాయి. మా సంఘపు పెద్ద ఒకాయన మాతో, "మా నాయన ఈ మిట్టలోనే పలక కొట్టినాడు, గుడి లోపలికి మాత్రం పోనీలేదు" అన్నాడు. బాప్తిస్మము పొందిన దినమున తండ్రి ఆ పలకను అటకమీద పెట్టేశాడట. ఇప్పుడు క్రిస్మసుకు మనుమలు దానినే దించి వాయిస్తారు. ఆయన ముఖములో కోపమూ గర్వమూ రెండూ కనబడ్డాయి.

సాయంకాలము అగ్నిగుండము. కంకణము కట్టుకొని ఉపవాసమున్నవారు పసుపు బట్టలతో నిప్పులమీద నడిచి దాటుతారు. ఈ ఆచారం తమిళనాట సెంజి ప్రాంతం నుండి వ్యాపించిందని ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే పండితుడు 1988లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. కూలికై ఓడలెక్కిన తమిళులు దీనిని రీయూనియన్ దీవి వరకు తీసుకొనిపోయారు. సింగపూరు మారియమ్మ గుడిలోనూ నేటికీ నిప్పులు త్రొక్కుతారు. 1935లో ఇంగ్లండులో కుదాబక్ష్ అనే కాశ్మీరీని శాస్త్రజ్ఞుల ముందు నిప్పులమీద నడిపించి పరీక్షించారు, అతని పాదాలు కాలలేదు. బొగ్గు, దానిమీది బూడిద వేడిని త్వరగా అందించవు, పాదము తాకేది క్షణకాలమే. ఆగినవారికి, పడినవారికి మాత్రం కాలుతుంది. అందుకే గుండం అంచున చేయి అందించడానికి మనుషులు నిలబడతారు.

మా చిన్నవాడు, "షద్రకు మేషాకులు కూడా ఇట్లే నడిచినారా?" అని అడిగాడు. ఆ ముగ్గురూ తమంతట తాము దిగలేదు నాయనా, రాజు బంధించి త్రోయించాడు అని చెప్పాము. వాడు కాసేపు ఆలోచించి, "అయితే వాళ్ళకు చెప్పులు ఉండెనా?" అన్నాడు. బైబిలు తెరిచి చూస్తే దానియేలు మూడవ అధ్యాయములో అంగీలు, పైదుస్తులు ఉన్నాయి గాని చెప్పుల మాట లేదు.

మరునాడు ధర్మరాజు పట్టాభిషేకము, ఊరంతటికీ భోజనము. మేము వెళ్ళలేదు. ఈ భోజనం విషయంలో మన కుటుంబాలకు ఏటా ఇరకాటమే. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో 8వ, 10వ అధ్యాయాలు ఇంటిల్లిపాదీ కూర్చొని చదువుకోదగినవి. అన్నము ముందుపెడితే ఆరా తీయకుండా తినమన్నాడు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవాని మనస్సాక్షి నిమిత్తము మానమన్నాడు. పొరుగువాడు ఏమి చెబుతాడన్నదానిమీద అంత ఆధారపడి ఉన్నది.

ఆ సాయంత్రం ప్రక్కింటి పెద్దాయన తలమీద బుట్టతో వచ్చాడు. తోతాపురి కాయలు, ఇంకా సొన ఆరలేదు. బుట్ట గడపలో దించి, "అయ్యవారూ, ఇవి గుడికి పోయినవి కావు. నేరుగా తోటలోనించే తెచ్చినా" అన్నాడు.