రఫ్ నోటుబుక్కు

మొన్న ఆదివారం మా అమ్మాయి ప్రాక్టికల్ రికార్డు ముందేసుకుని కూచుంది. తెల్లారితే సంతకం పెట్టించుకోవాలిట. వేరు అడ్డుకోత బొమ్మ గీస్తూ, పెన్సిలు చెక్కుతూ, ఉన్నట్టుండి, "అమ్మా, నేనింక డైరీ రాయను. టైము సరిపోవట్లేదు" అంది.

ఆ డైరీ జనవరిలో నేనే కొనిచ్చాను. దానికి మాత్రం ఏం టైముంది పాపం! ఆర్నెల్లకో సెమిస్టరు. మధ్యలో ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, రికార్డులు. ఒక పరీక్ష రాసి ఊపిరి పీల్చుకునేలోగా ఇంకోటి గుమ్మంలో ఉంటుంది. నేను వెనకాముందూ చూడకుండా, "అదే మంచిది. ముందు చదువు సంగతి చూడు" అనేశాను.

అనేసి వంటింట్లోకి వెళ్ళి పప్పుకి పోపు వేస్తుంటే తట్టింది, ఆ మాట నాది కాదని. అచ్చంగా మా అమ్మది.

నేను 1997లో బి.ఏ.లో చేరాను. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్సు. మా ఊరు బాన్సువాడకి పది కిలోమీటర్లు, నిజాంసాగర్ కాలువ కింద. అప్పటికి మాది ఇంకా నిజామాబాద్ జిల్లాయే, కామారెడ్డి జిల్లా అయింది 2016లో. తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది కనుక మా పరీక్షలు ఉస్మానియా వారివి, ఏడాదికోసారి. అంటే ఎనిమిది నెలలు ధీమా, రెండు నెలలు గుండెదడ. మా అమ్మాయి అవస్థ చూస్తే మాదే నయమనిపిస్తుంది.

నాకో రఫ్ నోటుబుక్కు ఉండేది. ముందునుంచి ఎకనామిక్స్ నోట్సు, వెనక అట్టనుంచి నా సొంత రాతలు. బస్సులో ఎవరేమన్నారు, ఎవరింట్లో ఏ గొడవైంది, నాకేమనిపించింది, అన్నీ అందులోనే. సంక్రాంతి నాటికి రెండూ మధ్యలో ఎదురుపడేవి. ఒకసారి నోట్సు కావాలని పట్టుకెళ్ళిన స్నేహితురాలు పుస్తకం వెనకనుంచి తెరిచింది. నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. తన కొత్త చెప్పుల గురించి రాశాను లెండి.

రాసేది రాత్రిళ్ళు. కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకి చెప్పనక్కర్లేదు, తూము నీళ్ళ వంతు పగలే రావాలని రూలేం లేదు. బాపు పార భుజాన వేసుకుని, టార్చిలైటు పట్టుకుని పోయేవాడు. తలుపు తీయడానికి ఎవరో ఒకరు మేలుకోవాలి కదా. ఆ ఉద్యోగం నాది. అమ్మ పడుకున్నచోటినుంచే అడిగేది.

"సదువుతున్నవా, రాస్తున్నవా?"

"సదువుతున్ననే."

"సదువు బిడ్డా. రాసుడు యాడికి పోతది? ఎప్పుడన్న రాసుకోవచ్చు."

అబద్ధం చెప్పినందుకు ఆ సంగతి కూడా రాసేసేదాన్ని.

బాపు వచ్చేసరికి ఒంటిగంటయ్యేది. చదువు సంతకం దాకానే గానీ, వినడమంటే ఇష్టం. మోకాళ్ళదాకా బురదతో గడపమీద కూచుని, "ఇయ్యాల ఏం రాసినవ్?" అనేవాడు. చదివి వినిపించేదాన్ని. ఒకసారి ఏదో అందంగా ఉంటుందని, తూము దగ్గర కప్పలు అరుస్తున్నాయని రాశాను. విని తల అడ్డంగా ఊపాడు. "నువ్వు యాడ ఇన్నవ్? ఇయ్యాల సలి ఎక్కువుండె. ఒక్క కప్ప అరవలే. లేనిది రాయకు." నా రాతలు దిద్దిన మొదటి ఎడిటరు ఆయనే. తర్వాత తారసపడిన ఎడిటర్లెవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

రెండో ఏడు, 1999 మార్చి. పరీక్షలకి మూడు వారాలుంది. ఎకనామిక్స్ ఒక్క ముక్క రాలేదు. అమ్మ మాటే నిజమనుకుని, పరీక్షలయ్యేదాకా పుస్తకం వెనకవైపు తెరవనని ఒట్టేసుకున్నాను. ఆ రాత్రీ బాపు బురదకాళ్ళతో వచ్చి అలవాటుగా అడిగాడు.

"ఏం రాయలే బాపూ, పరీక్షలు గదా."

"మంచిది. మంచిగ సదువు" అని కాళ్ళు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు. ఇంకో మాటేదో కూడా అన్నాడు. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

తర్వాత నాలుగో రోజు పొలంలోనే గుండెనొప్పి వచ్చింది. బాన్సువాడ తీసుకొచ్చేలోపే అయిపోయింది.

ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ముందువైపు, ఆ నాలుగు రోజుల పేజీల్లో, కీన్స్ ఉద్యోగితా సిద్ధాంతం ఉంది, ఎర్రసిరాతో గీతలు కొట్టి మరీ. వెనకవైపు ఏమీ లేదు. ఆయన ఆ రోజుల్లో ఏం తిన్నాడో, వంతు ఎవరితో మార్చుకున్నాడో, బావివైపు పోతూ ఏమన్నాడో నా దగ్గర లేదు. మరి ఎకనామిక్స్ అయినా వచ్చిందా అంటే, ఆ ఏడు అదీ పోయింది. సప్లిమెంటరీలో గట్టెక్కాను.

మూడు నవలలు రాశాను. మూడింట్లోనూ ఆ చివరి వారాన్ని ఏదో ఒక రూపంలో పెట్టాలని చూశాను. కల్పించడానికి నవలాకారిణికి అడ్డేముంది? కానీ కలం అక్కడికొచ్చేసరికి కప్పలు గుర్తొస్తాయి.

టైము మాటకొస్తే, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. మన కామారెడ్డి మీదుగానే నిర్మల్ వైపు సాగారు. వెంట బోలెడు పరివారం, రోజుకో మజిలీ. అయినా ఏ ఊళ్ళో నీళ్ళున్నాయి, అంగళ్ళున్నాయి, దిగడానికి జాగా ఉందా అన్నీ రాసిపెట్టారు. 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. ఇక్కడే నిజామాబాద్ ఖిల్లా జైల్లో దాశరథిగారికి 1948లో టైముంది గానీ కాగితం లేదు. బొగ్గుతో గోడమీద రాశారు. ఒకరికి అది లేదు, ఒకరికి ఇది లేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వీళ్ళిద్దరికీ మర్నాడు రికార్డు మీద సంతకాలు పెట్టించుకునే పని మాత్రం లేదు.

ఇవన్నీ అమ్మాయికి చెప్పలేదు. బొమ్మ సగంలో ఉంది. కంచం ముందు పెట్టి, "ఒక్క లైనే రాయి. బస్సు టిక్కెట్టు వెనకైనా సరే" అన్నాను.

"ఒక్క లైనుకి ఏమొస్తుందమ్మా?"

"ఏమో. రాయి."

పదకొండింటికి రికార్డు ముగించి, డైరీ పట్టుకుని నా మంచం దగ్గరికొచ్చింది. చదవమని నేను అడగలేదు, తనే చదివింది. "ఈరోజు పప్పులో అమ్మ ఉప్పు రెండుసార్లు వేసింది. నాన్న ఏమీ అనలేదు."

"అన్నారు. చెయ్యి కడుక్కునేటప్పుడు" అన్నాను.

"నిజంగా? ఏమన్నారు?"

చెప్పాను. పెన్ను అడిగి, మంచం అంచున కూచుని దిద్దుకుంది.