మైనస్ లైన్లు

12 జూన్ 2023, సోమవారం
మదురై నుంచి ప్యాచ్ వచ్చింది. అడిగింది ఒక్కటే, ఏలక్కాయ వేలం బిల్లుల ప్రోగ్రాంలో గ్రాముల తేడా సరిచెయ్యమని. వచ్చింది చూస్తే ట్యాబులన్నీ స్పేసులు, వేరియబుల్స్‌కి కొత్త పేర్లు. కోడ్‌లో మా అన్న రాసిపెట్టిన తెలుగు కామెంట్లు ఒక్కటీ లేవు, తీసేసిన గుర్తుగా వరసగా మైనస్‌లు. ప్యాచ్ పంపినతనికి తెలుగు రాదు, చెత్త అనుకున్నాడేమో. బళ్లో అరవమే చదివి, అన్న పంతానికి నేర్చుకున్న అక్షరాలవి.
మొత్తం తిప్పి పంపేద్దామనుంది. కానీ ఆ తూకం లెక్క... ఎంత బాగా చేశాడు.

13 జూన్
చిన్నాయన ఫోను. "ఏమ్మా, వేలానికి ముందు బిల్లు సరవుతుందా?" అవుతుందన్నాను.
ప్యాచ్ ఫైలు కాపీ తీసి తెరిచాను. వద్దనుకున్న ప్లస్ లైను చెరిపేస్తే సరి. మైనస్ అలా కాదు. లైను ఉండాలి, గుర్తు పోవాలి, ఆ చోట ఒక ఖాళీ. ఒక్కో కామెంటు దగ్గరా ఆగుతున్నాను. చదవకుండా దాటలేను.

14 జూన్, రాత్రి
ప్యాచ్‌లో ఒక ముక్క, అదే హంక్, దాని హెడ్డర్ 41,7 – 41,9. ఒక మైనస్ నిలబెట్టాను. పాతవైపు 7 కదలదు, కొత్తవైపు 10. రీకౌంట్ పెడితే గిట్ తనే చూసుకుంటుంది. అయినా చేత్తోనే దిద్దాను. అన్న లైన్లు కదా.

15 జూన్
రైలొచ్చింది! 2010తో ఆగిపోయిన మీటర్‌గేజి దారి, ఇవాళ బ్రాడ్‌గేజి మీద తేని నుంచి మా బోడి దాకా. అవ్వ తలుపు దగ్గరే నిలబడి కూత కోసం చూసింది.
అన్నకి చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను?

17 జూన్
కొత్త పేర్లూ తూకం లెక్కా ఒకే హంక్‌లో, ఒకే లైన్లలో. విడదియ్యాలంటే అతని లెక్కని మా పాత పేర్లతో నేను తిరగరాయాలి. అప్పుడది అతనిదేనా? లారీ వాల్ 1985లో రాసిన ప్యాచ్ ప్రోగ్రాం, ఫైలు కాస్త జరిగినా చుట్టుపక్కల లైన్లు చూసి చోటు వెతుక్కునేది. రాసినవాడు ఎవరన్నది మాత్రం మనిషే చూసుకోవాలి. ఆథర్‌గా అతని పేరే ఉంచుతాను. నేను దిద్దింది కమిట్ మెసేజిలో రాస్తాను.

19 జూన్
నిలబెట్టిన కామెంట్లలో ఒకటి: "గ్రాములు వదిలెయ్, కిలోలు చాలు." దాని కిందే కొత్త లెక్క, గ్రాములతో. రేపు చూసేవాళ్లు ఏది నమ్ముతారు? చాలాసేపు అలాగే కూచున్నాను. అన్నైనా తీసేసేవాడు. తీసేసేవాడా?
మైనస్ మళ్లీ పెట్టాను. ఆ ఒక్కదానికే.

20 జూన్
కాటా చీటీలతో సరిచూశాను. గ్రాముతో సహా కలిసింది. చిన్నాయన రెండుసార్లు లెక్కేసుకుని తలూపాడు.
మదురైకి రాశాను. తూకం మార్పు నీ పేరుతోనే ఎక్కింది, పేర్ల మార్పు వేరే ప్యాచ్‌గా పంపు, చూస్తాను, ట్యాబుల జోలికి పోవద్దు అని. కామెంట్లు ఎందుకు ఉంచానో రాయలేదు. అడిగితే చెప్తానా?