ఖిదిర్‌పూర్ నేర్పే ఓర్పు

కోల్‌కతా నగరపు నైరుతి భాగాన, హుగ్లీ తీరమున వెలసిన ఓడరేవు ప్రాంతం ఖిదిర్‌పూర్. 1890ల నాటి డాకులు, ఓడలకు దారి ఇచ్చుటకై పైకి లేచే బాస్క్యూల్ వంతెన ఇక్కడి విశేషాలు. సముద్రం దూరమే అయినా, గాలిలోని తేమ, వానకాలంలో వీధుల్లో నిలిచే నీరు ఇనుమును నిరంతరం తినివేస్తుంటాయి.

ఈ వీధులలో దశాబ్దాలపాటు తిరిగిన పసుపుపచ్చ అంబాసిడర్ టాక్సీల తయారీ 2014లో ఉత్తర్‌పారాలో నిలిచిపోయినది. వాటి వెనుక చక్రాల భారమంతా కమాను కట్టలదే. ఆ కట్టలను పట్టి ఉంచే బోల్టులకు తుప్పు పడితే విప్పుట కష్టం. ఇనుముకన్న తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత బోల్టు రంధ్రంలోనే బిగుసుకొనిపోతుంది. కేవలం బలాన్ని నమ్మి పానా తిప్పినచో తల తెగుతుంది.

ముందుగా బండిని గట్టి స్టాండ్లపై నిలపవలెను. జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరరాదు. మరలను ఇనుప బ్రష్‌తో శుభ్రపరచి, తుప్పు వదిలించే నూనె పోసి, ఒక రాత్రి నాననివ్వాలి. పిదప సుత్తితో మెల్లగా తట్టి, కొద్దిగా బిగించి, ఆపైన వదులు చేయాలి. అప్పటికీ కదలకున్న నట్టును వేడి చేయవచ్చును గాని, రబ్బరు బుష్షు, పెట్రోలు గొట్టం దాపున మంట తగదు. కోయుట చివరి మార్గం.

కొత్త బోల్టుకు గ్రీజు పూసి బిగించినచో మరుసటిసారి ఈ శ్రమ తగ్గుతుంది. వంతెనకైనా బండికైనా సకాలంలో పడిన నూనెచుక్కే ఆయువు.