అత్తయ్య జీలుగు

మా హాల్లో టీవీ పక్కనున్న మొక్కను చూసి, ఇంటికొచ్చినవాళ్లు ఏ నర్సరీలో కొన్నారని అడుగుతుంటారు. కొన్నది కాదు, మా అత్తయ్య తెచ్చుకున్న జీలుగు మొక్క అంటే 'కల్లు తీసే జీలుగా... ఇంట్లోనా!' అని నోరెళ్లబెడతారు. ఓసారి ఫిష్‌టెయిల్ పామ్ అని చెప్పి చూశాను. 'ఎంత బాగుందో, మాకూ ఒకటి ఇప్పించండి' అన్నారు. మర్యాదంతా పేరులోనే ఉన్నట్టుంది!

మా అత్తగారిది కూనవరం వైపు, శబరి వచ్చి గోదావరిలో కలిసేచోటికి దగ్గర్లోని పల్లె. ఒకప్పుడు ఖమ్మం జిల్లానే. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆవిడ ఇల్లు చూరుదాకా మునిగింది. నీళ్లు తీశాక మావారు వెళ్లి ఖమ్మం తీసుకొచ్చేశారు. ఆవిడ వెంట తెచ్చుకున్నవి ఓ బట్టల మూట, మామయ్యగారి ఫొటో, పాత పెయింటు డబ్బాలో ఈ మొక్క. అప్పటికి జానెడు కూడా లేదు. ఊరి వెనక గుట్టమీద, వరద అందనిచోట వాగు పక్కన మొలిచిందట. మానుపిల్లులు పండ్లు తిని గింజల్ని ఎక్కడెక్కడో వదులుతాయని, అందుకే చెట్టు ఒకచోట, మొలక ఒకచోట ఉంటాయని ఆవిడే చెప్పింది.

మా ఫ్లాటులోకి ఎండ సరిగా రాదు. అడవి చెట్టు ఇక్కడేం బతుకుతుందని నా అనుమానం. 'పెద్ద చెట్ల కింద పుట్టిందమ్మాయ్, దానికి నీడేం కొత్త కాదు' అందావిడ. నిజమే. ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం తగిలేలా ఉత్తరం కిటికీ దగ్గర పెడితే చక్కగా అందుకుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పేడ ఎరువు - ఇంతే దాని తిండి. మట్టి తడిగా ఉండాలి కానీ నీళ్లు నిలవకూడదు. నిలిస్తే వేరు కుళ్లి ఆకు పచ్చబడుతుంది. మన ఖమ్మం మే నెల సంగతి తెలిసిందే కదా! గాలి పొడిగా ఉంటే ఆకుల కొసలు మాడతాయి, ఎర్రనల్లి పడుతుంది. అందుకే వేసవిలో రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఆకుల్ని రెండువైపులా తుడవడం అత్తయ్య డ్యూటీ. ఏసీ గదిలోకి మాత్రం రానివ్వదు, మొక్కనీ, తననీ!

ఇంకో మాట. పొడుగైందని పైన కత్తిరించారో, అయిపోయినట్టే. జీలుగుకు ఒకటే కాండం, ఒకటే మొవ్వు. నర్సరీల్లో గుబురుగా కనిపించే ఫిష్‌టెయిల్ ఎక్కువగా ఆగ్నేయాసియా నుంచి వచ్చిన జాతి. దానికి పిలకలు వస్తాయి కాబట్టి ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. మనదానికి ఆ వెసులుబాటు లేదు.

దీని బతుకే విచిత్రం. ఏళ్లతరబడి ఎదిగి ఎదిగి, చివరికి గెలలు వేయడం మొదలుపెడుతుంది. మొదటి గెల తలదగ్గర, తర్వాతది దానికింద... అలా ఏటికేడు కిందికి దిగి, ఆఖరి గెల పండిపోగానే చెట్టూ పోతుంది. ఆ గెలల్ని గీస్తేనే జీలుగు కల్లు. కోయలకు, కొండరెడ్లకు అది వేసవి ఆదరువు. కరవు రోజుల్లో మాను నరికి, లోపలి గుజ్జు దంచి పిండి తీసి కొండరెడ్లు కడుపు నింపుకొనేవారు. వాళ్లమీద హైమన్‌డార్ఫ్ రాసి 1945లో అచ్చయిన పుస్తకంలోనూ ఈ చెట్టు ప్రస్తావన ఉంది. పండు మాత్రం ముట్టుకోవద్దంటుంది అత్తయ్య. రసం తగిలితే ఒకటే దురద.

ఇప్పుడు మొక్క అయిదడుగులైంది. చేపతోక ఆకులు టీవీకి అడ్డొస్తున్నాయి. బంధువుల తోటలో నాటేద్దాం అన్నారు మావారు. నాకూ అదే సబబనిపించింది. అత్తయ్య ఒప్పుకోలేదు. వాళ్లది పోలవరం ముంపు మండలం. ఊరి బదులు కాలనీలో స్థలం ఇస్తారంటున్నారు, ఎప్పుడన్నది తేలలేదు. అది వచ్చాక, పెరటి మూలన నాటాలట.

'అది కల్లుకొచ్చేదాకా మనం ఉంటామా అత్తయ్యా?' అని నవ్వులాటకే అన్నాను. 'కల్లుకోసం ఎవరడిగారే? మా ఊరిదని చెప్పడానికి ఒక్కటన్నా ఉండొద్దా అక్కడ?' అంది. మావారు మరి తోట మాటెత్తలేదు.

వేరు కదిపితే ఓర్చుకోని మొక్క కాబట్టి, మాటిమాటికీ కుండీలు మార్చడం కుదరదు. ఒకేసారి పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము తెప్పించి సగానికి కోయించాం. అడుగున కన్నాలు పెట్టించాం. పక్కలకు రెండేసి రంధ్రాలు చేయించి లావుపాటి తాడు కట్టించింది అత్తయ్య. ఇద్దరు మనుషులు పట్టుకుంటే ట్రాలీ ఆటోలోకి ఎక్కుతుందో లేదో, మట్టి నింపకముందే ఆటో అబ్బాయిని పిలిచి కొలత చూపించింది. ఎక్కుతుందన్నాడు.