పెదవి ముందు... పలుకు వెనక!

హీరోయిన్ పెదవులు కదిపేసింది. మాట మాత్రం ఇంకా రాలేదు! ఇక చూడాలి హాల్లో సందడి. ఈలలు, కేకలు, 'ఆపరేటర్' అంటూ అరుపులు! పాపం, అతగాడు రీలు ఎక్కించేటప్పుడు లూపు కాస్త ఎక్కువ తక్కువ అయిందంతే. ఫిల్ము మీద బొమ్మ ఒకచోట, దాని శబ్దం ఇంకోచోట ఉంటాయి కదా! లూపు సర్దితే హీరోయినూ సర్దుకునేది. రీళ్ళు పోయి డిజిటల్ వచ్చాక ఈ గొడవ వదిలిందనుకున్నాం. వదల్లేదండీ. తిన్నగా మన కంప్యూటర్లోకి వచ్చి కూచుంది.

మా పెద్దబాపుది కందకుర్తి. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే చోటు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. (ఆ ఫ్యాక్టరీ కూడా 2015లో మూతపడింది లెండి.) కిందటేడు ఆయన పోయాడు. అంతకు రెండు నెలల ముందు, సంగమం ఒడ్డున కూచుని, గల్ఫులో ఉన్న కొడుకుతో వీడియో కాల్లో నలభై నిమిషాలు మాట్లాడాడు. మా తమ్ముడు తన ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రికార్డింగు నడిపించాడు. అదే నాకు పంపించి, "అన్నా, బాపు మాట గిదొక్కటే ఉన్నది. ఏడాది మాసికం నాటికి మంచిగ చేసియ్యి" అన్నాడు.

మామూలు ప్లేయర్లో వేస్తే అంతా సవ్యంగానే ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో పెట్టానా, మొదటి ఐదు నిమిషాలు బాగానే నడిచింది. ఇరవయ్యో నిమిషానికి పెద్దబాపు పెదవులు ముందు, మాట రెండు సెకన్లు వెనక! ఆయన నవ్వేశాక నవ్వు వినిపిస్తోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిజామాబాద్‌లో ఓ స్టూడియో కుర్రాడు "ఫైలు ఖరాబైంది సార్, ఐదైదు నిమిషాలకు కోసి సౌండు జరుపుకోండి" అన్నాడు. కానీ ఖరాబైన ఫైలు ప్లేయర్లో అంత చక్కగా ఎలా నడుస్తుంది?

అసలు సంగతి ఇదీ. మూకీల రోజుల్లో కెమెరా చేత్తో తిప్పేవారు. వేగం మనిషిని బట్టి. టాకీ వచ్చి మాట ముడిపడ్డాక ఆ ఆటలు సాగలేదు. సెకనుకు 24 ఫ్రేములని కట్టడి చేశారు. 1932లో వచ్చిన మన 'భక్త ప్రహ్లాద' కాలం నుంచీ సినిమాకి అదే నాడి. తర్వాత వీడియో క్యాసెట్లకి మన దేశపు టీవీ లెక్క 25 కావడంతో, రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోయేది! అయితే బొమ్మా మాటా కలిసే పరుగెత్తేవి గనక ఎవరికీ పట్టింపు లేకపోయింది.

స్క్రీన్ రికార్డర్లు చాలావాటికి ఈ కట్టడి లేదు. తెరమీద ఏదైనా కదిలితేనే ఫ్రేము రాస్తాయి. కాల్లో బొమ్మ నిలిచిపోతే అవీ కునుకు తీస్తాయి. ఒక సెకనుకు 30, ఇంకో సెకనుకు 9. ప్రతి ఫ్రేము వెంటా దాని వేళ రాసి ఉంటుంది. ప్లేయరు ఆ వేళ చూసి నడుపుతుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అది చూడవు, ఫ్రేములు వరసగా లెక్కపెట్టుకుంటూ పోతాయి. లేని ఫ్రేముల మేరకు బొమ్మ ముందుకెళ్ళిపోతుంది. శబ్దం తన దారిన తాను నడుస్తుంది.

మందు సులువే, ఉచితం కూడా. మీడియాఇన్ఫోలో ఫైలు తెరిచి చూడండి. ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర 'వేరియబుల్' అని ఉంటే దొంగ దొరికినట్టే. హ్యాండ్‌బ్రేక్‌లో వేసి, వీడియో విభాగంలో ఫ్రేమ్ రేటు 30, పక్కన 'కాన్‌స్టెంట్' ఎంచుకుని కొత్త ఫైలు తీయండి. అన్నట్టు, ఒక్క కత్తిరింపూ వెయ్యకముందే ఈ పని కావాలి. అసలు ఫైలు మాత్రం పారెయ్యకండి, బాబూ! ఓబీఎస్‌తో ఎంకేవీగా రికార్డు చేసినదాన్ని మీ సాఫ్ట్‌వేర్ ముట్టకపోతే, అందులోనే 'రీమక్స్' అని ఉంది, క్షణాల్లో ఎంపీ4 ఇస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఎంకేవీలో అప్పటిదాకా తీసింది దక్కుతుంది. మన ఊళ్ళకి అదే మేలు.

కొత్త ఫైలు పెట్టి ఇరవయ్యో నిమిషానికి జరిపాను. పెద్దబాపు నవ్వాడు. నవ్వు వినిపించింది!

ఒక చిక్కు మిగిలింది. 1963లో 'లవకుశ' వస్తే బండ్లు కట్టుకుని బోధన్ పోయిన కథ చెబుతున్న చోట, సిగ్నలు పోయి బొమ్మ దాదాపు నిమిషం పాటు కదల్లేదు. మాట మాత్రం గలగలా వస్తూనే ఉంది. వెనకాల నదిలో పాత శివాలయం, ముందు అరచెయ్యి ఎత్తిన పెద్దబాపు. తమ్ముడు అది తీసెయ్యమన్నాడు. నేను తియ్యలేదు.

మాసికం నాడు టీవీలో వేశాం. బొమ్మ ఆగగానే పిల్లలు "నెట్ పోయింది, నెట్ పోయింది" అని గోల.

"ఊకోండ్రి! మాట్లాడుతున్నడు గదా!" అని కసిరింది పెద్దమ్మ.