తుర్కపల్లిలో మేడమీది పెరడు

సికింద్రాబాదునుండి రాజీవ్ రహదారిపై ఉత్తరముగా పోవువారికి శామీర్‌పేట చెరువు దాటిన పిమ్మట తుర్కపల్లి వచ్చును. 1999లో జీనోమ్ వ్యాలీ వెలసినది మొదలు ఈ ప్రాంతము పరిశోధనశాలలకు పేరొందినది. 2021లో దేశమంతట ప్రజలు వేయించుకొన్న కోవాగ్జిన్ టీకాను రూపొందించిన భారత్ బయోటెక్ సంస్థ యిచ్చటిదే. అంతటి యూరిలో గుప్పెడు కొత్తిమీర పెంచుకొనుటకు గృహిణులకు నేల కఱవైనది. పొలములు ప్లాట్లయ్యెను, పెరళ్లు అద్దెగదులయ్యెను. మిగిలినది మేడ.

మేడపై పెట్టెలలో ఆకులు పెంచుట క్రొత్త వింత యని కొందఱందురు. నాకట్లు తోచదు. తులసికోట మట్టిపెట్టె కాక మఱేమి?

మాది బడిపంతులు సంసారము, అద్దెయిల్లు. యజమాని మొదట సమ్మతింపలేదు. “ఏందమ్మా, నీ పుదీన కోసం నా స్లాబు ఉరవాల్నా?” అనెను. ఆయన మాటలో న్యాయము కలదు. ఘనపుటడుగు తడిమన్ను సుమారు 50 కిలోలు తూగును. క్రింద నిలిచిన నీరు కప్పును చెఱచును. కావున పండ్ల అంగడివారు పాఱవైచిన పెట్టెలు తెచ్చి, అడుగున చిల్లులు పొడిచి, బరువు గోడలపై పడునట్లు అంచులకు చేర్చి, ఇటుకలపై నిలిపితిమి. ఎఱ్ఱమట్టిలో కొబ్బరిపొట్టును, చివికిన పశువుల యెరువును కలుపగా బరువు తగ్గినది. వానకాలము గడచినది, కప్పు చెమ్మగిల్లలేదు. ఇప్పుడాయన కోడలే మెట్లెక్కి వచ్చి పుదీన కోసికొని పోవుచున్నది.

సోదరీమణులారా! ధనియాలను నలిపి రెండుగా చీల్చి విత్తుడు. కొత్తిమీరకు తల్లివేరు కలదు. పీకి మఱొకచోట నాటిన నోర్వదు. వేసవిలో ఆకు సాగకమునుపే పువ్వు పట్టును గావున ఆ నెలలలో దానిపై ఆశ విడువవలెను. మెంతి యందులకు నయము; మూడు నాలుగు వారములలో కూరకందును. అంగడి పుదీనకట్టలోని ముదురుకాడలు గ్రుచ్చిన చాలును గాని, దానికి వేఱు పెట్టె యీయవలెను. లేనిచో పెత్తనము మరగిన తోడికోడలివలె తక్కినవానిని అణచివేయును. వామాకు కొమ్మ నాటిన బ్రదుకును, నీరెక్కువైన కుళ్లును. పసిబిడ్డల దగ్గునకు దాని రసము పోయుమని పొరుగమ్మలు చెప్పుదురు. మా యింట వామాకు బజ్జీలకే, బిడ్డల జ్వరమునకు వైద్యుడే.

కరివేపకు మాత్రము పెట్టె చాలదు. అడుగున్నర లోతు తొట్టి కావలెను. దానికి యజమాని యింకను ఒప్పుకొనలేదు.