పెట్టె పలక్కపోతే భయపడకండి

మనలో చాలామందిమి ఇంటి ఫొటోలూ వీడియోలూ రౌటర్ పక్కన ఉండే నాస్ పెట్టెలో దాచుకుంటున్నాం. ఇంట్లో ఫోన్లూ ల్యాప్‌టాపులూ అన్నీ కలిసి వాడుకునే హార్డ్ డిస్కుల పెట్టె అది. మా ఇంట్లో అది మొరాయించింది సరిగ్గా నాన్న సంవత్సరీకానికి వారం ముందు.

రియాద్‌కి దక్షిణాన, పాడి ఫారాలకు పేరుపడ్డ అల్ ఖర్జ్‌లో ఉంటాం. నాన్న మనవరాలికి వేమన పద్యం నేర్పుతున్న వీడియో పంపమని కాకినాడ నుంచి అమ్మ అడిగింది. అది ఉన్నది ఆ పెట్టెలోనే. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ తెరుచుకుంటోంది, ఫైళ్ల పేర్లు కనిపిస్తున్నాయి. వీడియో నొక్కితే మాత్రం కాసేపు తిరిగి, 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అంటోంది.

ఎండకి డిస్కు పోయుంటుందన్నారు ఒకరు. రీసెట్ బటన్ నొక్కెయ్యమన్నారు ఇంకొకరు. నేను దాని జోలికి పోలేదు. టైమవుట్ అంటే డేటా పోయిందని కాదు, గడువులోగా జవాబు రాలేదని. తలుపు కొడితే పలకలేదంటే లోపలివాళ్లు నిద్రలో ఉండొచ్చు, ఇల్లు మారి ఉండొచ్చు, మన పిలుపు వాళ్లదాకా వెళ్లకపోయి ఉండొచ్చు.

ఒక్కొక్కటే చూశాను. పింగ్ చేస్తే వెంటనే పలికింది. అంటే పెట్టె మేలుకునే ఉంది, ఐపీ అడ్రసూ మారలేదు. అదే వీడియో ఫోన్‌లో నొక్కాను. నాన్న గొంతు వినిపించింది! డిస్కు క్షేమమే. తేడా ల్యాప్‌టాప్ దారిలో ఉంది.

వేగం కోసం మా ఆయన ల్యాప్‌టాప్‌లోనూ నాస్‌లోనూ 'జంబో ఫ్రేమ్స్' పెట్టారు. మామూలుగా 1500 బైట్లుండే మూట అప్పుడు 9000 అవుతుంది. ఈమధ్య పాత స్విచ్ కాలిపోతే కొన్న కొత్తది అంత మూట మోయలేదు, చప్పుడు చెయ్యకుండా పడేస్తుంది. పేర్లు చిన్న మూటలు కాబట్టి దాటాయి, వీడియో దాటలేదు. ఫోన్‌కి వెళ్లేవి 1500 మూటలే కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ముక్కలు చెయ్యొద్దని చెప్పి 1472 బైట్ల పింగ్ పంపితే జవాబొచ్చింది, 8972కి రాలేదు. రెండు చోట్లా 1500కి మార్చాం. వీడియో తెరుచుకుంది.

మీకూ ఇలా జరిగితే ముందు ఇంకో ఫోన్‌లో తెరిచి చూడండి. ఈమధ్య ఇంట్లో ఏం మార్చారో గుర్తు చేసుకోండి. నాస్‌కి రౌటర్‌లో మారని అడ్రసు ఇవ్వండి. రీసెట్ మాట చిట్టచివరికి. ఇంకొక్కటి: నాస్‌లో రెండు డిస్కులున్నాయి కదా అని ఊరుకోవద్దు, పెట్టె పాడైతే రెండూ ఒకేసారి పోవచ్చు. మా వీడియోల కాపీ ఇప్పుడు కాకినాడలో తమ్ముడి దగ్గర కూడా ఉంది.